ముందే రాసిన ఫలితం

కుర్ర శాస్త్రవేత్తలకు సదస్సు వాళ్లు ఇచ్చే ప్రయాణ గ్రాంటులో ఒక తిరకాసు ఉంది. ప్రయోగ ఫలితాల సారాంశం ఆరు నెలల ముందే పంపాలి. అప్పటికింకా ప్రయోగం మొదలే అయి ఉండదు. అందుకని మా రంగంలో అందరూ గుట్టుగా చేసే పనే నేనూ చేశాను. ఫలితం ముందే రాసేశాను.

"రాసి పడెయ్యమ్మా, తర్వాత చూసుకుందాం," అన్నారు మా గైడ్ గారు. ఆయనకు అన్నీ తర్వాతే.

జ్వరమొచ్చి వాసన పోగొట్టుకున్నవాళ్ల కోసం ముక్కులో వేసే చుక్కల మందు నాది. పన్నెండుమంది మీద పరీక్షించాలి. పన్నెండుమందికీ నయమైందంటే ఎవరు నమ్ముతారు? అందుకే పదకొండుమందికి తొమ్మిదో రోజున వాసన తిరిగొచ్చిందనీ, మిగిలిన ఒక్కరికి ముప్ఫయ్యో రోజుకి నాలుక రుచి కూడా పోయిందనీ రాశాను. నిజాయితీగా కనబడాలని పెట్టిన దిష్టిచుక్క అది. ఆ ఒక్కరూ ఎవరని నేను ఆలోచించనే లేదు.

గ్రాంటు వచ్చింది. మొదటిసారి విమానం ఎక్కబోతున్నానని ఎగిరి గంతేశాను.

తీరా మొదలుపెడితే పదకొండుమందే దొరికారు. పన్నెండో మనిషిగా మా అక్క వచ్చింది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తుంది. మూడేళ్లుగా ముక్కు పనిచేయకపోయినా నాలుకతోనే నెట్టుకొస్తోంది.

"నీ మందు కాకపోతే ఇంకెవరి మందు వేసుకుంటానే?" అంది.

తొమ్మిదో రోజు ఉదయం, మా వాలంటీర్లలో ఒకడైన పోస్ట్‌మ్యాన్ రొప్పుకుంటూ ల్యాబ్‌కి వచ్చాడు. చంటి కూతురి తల వాసన మొదటిసారి తెలిసిందట. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. మధ్యాహ్నంలోగా మిగతా పదిమందీ ఫోన్లు చేశారు. గైడ్ గారు నా భుజం తట్టారు. నేను మాత్రం పాత సారాంశం తీసి మళ్లీ చదివాను. అదే తొమ్మిదో రోజు, అదే పదకొండుమంది. మనుషుల ఒంట్లో మందు అలా పనిచేయదు. ఒకరికి ముందూ ఒకరికి వెనకా అవుతుంది.

అక్కకు ఏ వాసనా తెలియలేదు. ఆ రోజే ఆమె చుక్కలు ఆపించేశాను. అయినా ఇరవయ్యో రోజున, "పులుపు సరిగ్గా తెలియట్లేదే," అంది. ఇరవై అయిదున తీపి. ఇరవై ఎనిమిదిన కూరలో ఉప్పు రెండుసార్లు వేసి అందరిముందూ చీవాట్లు తింది.

"నాలుక కూడా పోతే నన్నెవరు పనిలో పెట్టుకుంటారే?" అంటూ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మర్నాడు సదస్సు ఆఫీసుకు ఫోన్ చేశాను. నాలుక రుచి పోయిందన్న చివరి వాక్యం ఒక్కటీ తీసేయమని బతిమాలాను.

"వాక్యాలు తీయడం కుదరదు మేడమ్," అంది అవతలి ఆవిడ. "కావాలంటే సారాంశం మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. గ్రాంటు పోతుంది."

"పోనివ్వండి."

"మొత్తం తీసేస్తే ఇక ఆ ఫలితమే లేనట్టు. మళ్లీ పెట్టమంటే పెట్టలేం. తీసెయ్యమంటారా?"

మొత్తం అంటే ఏమిటో నాకు అర్థమైంది. ఏడుస్తున్న పోస్ట్‌మ్యాన్ ముఖం కళ్లముందు ఆడింది. తెలియక చేశానని రేపు ఎవరితోనూ అనలేను. తెలిసే చేశాను.

"తీసెయ్యండి," అన్నాను.

ముప్ఫయ్యో రోజు పొద్దున నిద్ర లేచేసరికి అక్క పొయ్యి దగ్గర ఉంది. గరిటెతో రెండు చుక్కల చారు అరచేతిలో వేసుకుని నాకింది. మళ్లీ నాకింది.

"ఉప్పు తెలుస్తోందే! పులుపు కూడా!" అంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. పోస్ట్‌మ్యాన్.

"అమ్మా, పొద్దుటి నుంచి ఏ వాసనా తెలియట్లేదమ్మా. పాపను ఎత్తుకున్నా ఏమీ లేదు. ఆ చుక్కలు ఇంకో రెండు రోజులు వేసుకోనా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నా మాట కోసం కాచుకుని ఉన్నాడు.

"ఎవరే?" అంది అక్క.

"రాంగ్ నంబర్," అని పెట్టేశాను.

వెంటనే మళ్లీ మోగింది. ఈసారి ఇంకొకరు.