తలుపుల చీర

ఎల్లేష్ పోచంపల్లిలో చీరలు నేయించే ఐలేశం ఇంట్లో చిటికి కట్టేవాడు. నేయకముందే నూలు మీద బొమ్మను కట్టిపెట్టే పని అది. గ్రాఫు కాగితం మీది గళ్ళు లెక్కపెట్టుకుంటూ, రంగు తగలకూడని చోటల్లా దారాన్ని సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించాలి. ఒక్క గడి తప్పినా చీర మీద బొమ్మ వంకరపోతుంది. ఎల్లేష్ లెక్క తప్పడని ఊళ్ళో పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. ముప్పై దగ్గరపడుతున్నా పెండ్లి కాలేదు, చేతిలో భూమి లేదు, మాట్లాడడం అంతకన్నా రాదు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడు, వానలు మొదలయ్యాక, స్వరూప ఆ ఇంటికి పనికి వచ్చింది. ఆసు పోయడం ఆమె పని. సగం చందమామలా ఉన్న చెక్క మీద మేకుల వరుస ఉంటుంది. చీరకు అడ్డంగా పోయే పేక దారాన్ని ఒక్కో మేకు చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. ఒక చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆమె చుట్టిన దారమే ఎల్లేష్ చేతికి వస్తుంది, అతను దాని మీదే గుర్తులు పెట్టి కట్లు కడతాడు. అందుకని ఇద్దరూ ఒకే అర్రలో, ఆ చిన్న గదిలోనే కూర్చునేవారు.

స్వరూప గురించి ఊరికి తెలిసింది కొంచెమే. ఆలేరు అవతల ఒక ఊరికి ఇచ్చారు, నలభై రోజులకు తిరిగొచ్చింది, పెద్దమనుషుల్లో తెగదెంపులు అయిపోయాయి. ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, ఆమె తల్లీ చెప్పలేదు. 'కాపురం చేసుడు రాలే' అని ఊరు తనకు తానే చెప్పుకుంది.

మొదటి నెల వాళ్ళిద్దరూ పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, బయటి మగ్గాల దగ్గర పాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎల్లేష్‌కే బరువనిపించింది కాబోలు, చేతిలోని కట్టు మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"స్వరూపా, ఒకటి అడుగుత. నవ్వొద్దు."

"అడుగన్నా. నవ్వొస్తే నవ్వుత."

"నువ్వు మనిషివి గాకపోతే ఏమైతుంటివి?"

"నీ లెక్క గమ్మున కూసునే బండరాయినైతుంటి."

"ఉత్తదే. నువ్వు బస్సువైతుంటివి. ఎండకు నిలబడి అందరు నీకోసం చూస్తరు. వచ్చినంక ఒక్క నిమిషం ఆగవు."

స్వరూప పకపకా నవ్వింది. దారం రెండు మేకులు తప్పింది. "చూడు, నీ బస్సు జెయ్యవట్టి మల్ల ఇప్పుకోవాలె" అని కసిరింది గానీ, విప్పుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

అట్లా మొదలైన ఆట రోజూ సాగింది. కూరవైతే ఏ కూర, వానవైతే ఏ వాన, ఇంట్లో సామానువైతే ఏ సామాను. దానికి కట్టుబాట్లు స్వరూపే పెట్టింది.

"అబద్ధం చెప్పొద్దు. ఎందుకో చెప్పాలె. గీ అర్రల మాట గీ అర్రలనే ఉండాలె."

"ఉంటది."

"ఒట్టు?"

"ఒట్టు."

తను పుంటికూరనని చెప్పింది ఆమె, పుల్లగా ఉన్నా ఎవరూ వద్దనరని. కాదు, ఉసిరికాయవన్నాడు ఎల్లేష్. "నిన్ను తిన్నంక నీళ్ళు తాగితే తియ్యగుంటయి." అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తల వంచుకుని, "మరి నువ్వు పెండ్లినాటి పెట్టెవు. మీద పూలు, లోపలేమున్నదో ఎవ్వలకు తెల్వదు. ఏం లేదేమో గూడ" అంది.

చాయ తెచ్చిన ఐలేశం భార్య సుగుణమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందిరా ఎల్లేషూ, పన్నెండేండ్లు నోట్ల నీళ్ళు పోసుకున్నట్టుంటివి. గీ పిల్లొచ్చినంక నోరొచ్చిందే!"

"లెక్క చెప్తున్న పెద్దమ్మా" అన్నాడు ఎల్లేష్.

"ఏం లెక్క? ఉసిరికాయల లెక్కనా?"

ఆ తరువాత నుంచి స్వరూప అతన్ని అన్నా అని పిలవడం మానేసింది. వేరే పిలుపు పెట్టలేదు. ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేది. ఎల్లేష్ అది గమనించాడు. గమనించి, ఆ వారమంతా కడుపు నిండినట్టు తిరిగాడు.

వినాయకచవితి వెళ్ళిన తరువాత ముసురు పట్టిన ఒక పగలు, ఇంట్లో సామానువైతే ఏమవుతావని మళ్ళీ అడిగాడు. మేకుల మీద ఆమె చెయ్యి ఆగింది.

"తలుపునైత. బయట గొళ్ళెమున్న తలుపు."

"అదేంది?"

"ఎందుకో చెప్పాలె గద." ఆమె గొంతు తగ్గించింది. "ఆడ మా అర్రకు లోపట గొళ్ళెం లేకుండె. బయటనే ఉండె. పొద్దు గూకంగనే అత్త వచ్చి పెట్టి పోయేది, తెల్లారినంక తీసేది. నేను పారిపోతనని వాళ్ళకు అనుమానం. నలభై దినాలు గట్లనే. ఒకనాడు పెండ్లికి పోయే తొందరల గొళ్ళెం పెట్టుడు మరిచింది. నేను బస్సెక్కిన."

"ఎవ్వలకు చెప్పలే?"

"అమ్మకు చెప్పిన. గిప్పుడు నీకు చెప్పిన. ఊరికి చెప్తే నవ్వుతరు. మొగనితోని ఉండలేక గొళ్ళెం మీద పెట్టిందంటరు."

ఎల్లేష్‌కు 'నీకు మా ఇంట్ల గట్ల ఉండదు' అనాలనిపించింది. ఆ ఒక్కమాట చాలు. నోటిదాకా వచ్చింది, వెనక్కి పోయింది. ట్యూబు ముక్కను పళ్ళతో లాగి ఇంకో కట్టు కట్టాడు.

స్వరూప దారాన్ని మళ్ళీ మేకుకు తగిలించి, మామూలు గొంతుతోనే చెప్పింది. "చౌటుప్పల్ల మందుల కంపెనీల ప్యాకింగు పనికి రమ్మంటున్నరు. దసర లోపట చెప్త అన్న. నన్నేమన్న అడగాల్నంటే సక్కగ అడుగు. ఆటల పెట్టి అడగకు."

అంతకన్నా తెరిచి ఏ ఆడపిల్లా చెప్పదు. ఎల్లేష్‌కు అర్థమైంది కూడా. కానీ తన మాట మీద తనకు నమ్మకం లేదు, చేతి మీద ఉంది. ఇంటికి పోయి గ్రాఫు కాగితం ముందు వేసుకున్నాడు. మూడు రోజులు గీశాడు. ముదురు ఎరుపు మీద తెల్లని తలుపుల వరుస. ప్రతి తలుపుకూ బయట గొళ్ళెం, పక్కన కిటికీలో పసుపుపచ్చని దీపం. కొంగు దగ్గరికి వచ్చేసరికి తలుపులన్నీ తెరుచుకుంటాయి. చీర మగ్గం దిగాక ఆమె చేతిలో పెట్టి, అప్పుడు పెండ్లి మాట అడుగుదామనుకున్నాడు.

నూలు ఐలేశానిది కాబట్టి కాగితం అతనికి చూపించక తప్పలేదు. ఐలేశం కళ్ళజోడు ఎత్తి చూసి, "కొత్తగున్నది. హైదరాబాదోళ్ళు ఎగబడ్తరు, కట్టు" అన్నాడు. స్వరూపకు మాత్రం తెలియకూడదని, ఆ నూలుకు సుగుణమ్మ చేత ఆసు పోయించాడు, కట్లు రాత్రిళ్ళు తన ఇంట్లో కట్టాడు.

నేత వెంకటేశ్‌ది. వీధి చివర అతని ఇంట్లో మగ్గం. మొదటి తలుపు గుడ్డ మీదికి రాగానే కబురు పెట్టాడు. ఎల్లేష్ పోయేసరికి అక్కడ ఇంకో నలుగురు నేతగాళ్ళు నిలబడి ఉన్నారు.

"రారా ఎల్లేషూ, రా! నువ్వు గూడ మనిషివేనని ఇయ్యాల తెలిసింది" అన్నాడు వెంకటేశ్. "లెక్క తప్పినవ్."

"నేను తప్పలే."

"మరి గిదేంది? కిటికిల దీపమున్నది, అంటే ఇంట్ల మనిషున్నట్టే గద. మనిషి లోపటుంటే గొళ్ళెం బయటెవడు పెడ్తడు? నాలుగు గళ్ళు అవతల కట్టాల్సింది ఇవతల కట్టినవ్."

నలుగురూ నవ్వారు. కండ్లు మసకబారినయేమో, చత్వారపు అద్దాలు కొనిద్దామన్నాడు ఒకడు. ఎల్లేష్‌కు పన్నెండేళ్ళుగా కాపాడుకున్న పేరు ఒక తలుపు దగ్గర పోతున్నదనిపించింది. మిగిలినవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, వెంకటేశ్ జబ్బ పట్టుకున్నాడు.

"తప్పు గాదు. గట్లనే ఉండె ఆ తలుపు."

"ఏ తలుపు?"

చెప్పాడు. అత్త, గొళ్ళెం, నలభై రోజులు, బస్సు, అన్నీ చెప్పాడు. ఎవరి పేరూ చెప్పలేదు గానీ, నలభై రోజులన్నాక ఊళ్ళో ఇక పేరెందుకు? ఎవరితో అననని వెంకటేశ్ మగ్గం మీద చెయ్యి వేసి చెప్పాడు. లెక్క తప్పలేదని ఒప్పుకున్నాడు. ఎల్లేష్ గుండె నిమ్మళమై ఇంటికి వచ్చాడు. ఇచ్చిన ఒట్టు ఆ పూట గుర్తుకే రాలేదు.

పోచంపల్లిలో ఒక మగ్గం మీద అమ్ముడుపోయే బొమ్మ ఎక్కితే, నెల తిరక్కుండా పది మగ్గాల మీద ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పనరు. మొదటి చీర మగ్గం దిగకముందే ఐలేశం ఇంకో ఎనిమిది చీరల నూలుకు రంగు అద్దించాడు. పక్క వీధివాళ్ళు కాగితం చూసి గీసుకున్నారు. ప్రతి బొమ్మకూ ఊళ్ళో ఒక పేరు పడుతుంది. ఈ బొమ్మకు పడిన పేరు 'స్వరూప తలుపు'.

నల్లా దగ్గర వెంకటేశ్ భార్య స్వరూపనే అడిగిందట, నిజంగానే నలభై దినాలు గొళ్ళెం పెట్టిండ్రా, ఒకనాడు అత్త మరిచిందా అని. వెనక ఎవరో కిసుక్కుమన్నారట. ఆ మరునాటి నుంచి స్వరూప పనికి రాలేదు. విషయం ఎల్లేష్‌కు సుగుణమ్మ చెప్పింది. ఈసారి ఆమె ఎగతాళి చేయలేదు. చాయ గ్లాసు అతని ముందు పెట్టకుండా నేల మీద దూరంగా పెట్టి పోయింది.

అతను ఐలేశం దగ్గరికి పరుగెత్తాడు. "ఆ బొమ్మ ఆపుండ్రి పెద్దనాయినా."

"రంగైన నూలు మల్ల తెల్లగైతదారా?" అన్నాడు ఐలేశం.

దసరా ముందటి సోమవారం, ఆమె మందుల కంపెనీ పనికి పోతోందని విని, పొద్దున్నే కంపెనీ బస్సు ఆగే చోటికి పోయాడు ఎల్లేష్. స్వరూప టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని అందరికీ ఎడంగా నిలబడి ఉంది. అతన్ని చూసి ముఖం తిప్పుకోలేదు.

"నేను నీకోసమే గీసిన" అన్నాడు ఎల్లేష్. "కొంగు చూడలే నువ్వు. కొంగుల తలుపులన్ని తెరిచే ఉంటయి."

"చూసిన. మంచిగ గీసినవ్." ఆమె గొంతులో కోపం లేదు. "ఒక్కటే అడుగుత. వెంకటేశన్నకు నువ్వే చెప్పినవా?"

బస్సు మలుపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. నిజం చెబితే ఆమె పోతుందనుకున్నాడు. అబద్ధమే ఆమెను ఆపుతుందనుకున్నాడు.

"లే. నేనేం చెప్పలే. బొమ్మ చూసి ఆయనే అనుకున్నడు."

స్వరూప అతని ముఖంలోకి చూసింది, ఇంకేమైనా వస్తుందేమోనన్నట్టు. రాలేదు.

"సరే" అంది. బస్సు ఎక్కింది.

ఆ పగలు ఖాళీ ఆసు పక్కన కూర్చుని కట్లు కడుతుండగా ఎల్లేష్‌కు తట్టింది. బొమ్మ చూసి గొళ్ళెం అనుకోవచ్చు. అత్త ఒకనాడు గొళ్ళెం మరిచిందని ఎవరూ అనుకోలేరు. అడగకముందే ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది.

మరుసటి ఏడు ఆమె చౌటుప్పల్‌లోనే అర్ర కిరాయికి తీసుకుని తల్లిని పిలిపించుకుంది. ఆ కంపెనీలోనే పనిచేసే ఒకతన్ని చేసుకుందని సుగుణమ్మ చెబితే విన్నాడు. ఎల్లేష్‌కు రెండు సంబంధాలు వచ్చాయి. రెండు చోట్లా పిల్ల ముందు కూర్చుని ఏమీ మాట్లాడలేకపోయాడు. మూడోది రాలేదు.

కరోనా సద్దుమణిగాక, తల్లి కంటి ఆపరేషన్ పని మీద చౌటుప్పల్ పోయినప్పుడు, అంగట్లో వంకాయల కుప్ప దగ్గర స్వరూప కనిపించింది. కొంచెం ఒళ్ళు చేసింది. మెడలో కంపెనీ కార్డు ఉంది.

"బాగున్నవా? ఇటెందుకొచ్చినవ్?"

"అమ్మకు కన్ను ఆపరేషన్."

"ఏ దవాఖానల? జర మంచిగ చూపియ్యి. వారం దాక నీళ్ళు తగలనియ్యకు."

అతను తల ఊపాడు. ఆమె వంకాయలు ఏరుతోంది. ఇన్నేళ్ళు గొంతులో ఉన్న మాట అడగకుండానే బయటపడింది.

"స్వరూపా, వెంకటేశ్‌కు చెప్పింది నేనే."

"తెల్సు."

"గప్పుడే చెప్పాల్సుండె."

"చెప్పాల్సుండె" అంది ఆమె. చేతిలోని వంకాయను తిప్పి చూసి, పుచ్చు కనిపించి పక్కన పెట్టింది. "చెప్తే నిన్ను తిడుతుంటి. నెలదినాలు మాట్లాడకపోతుంటి. గని ఆ దినం బస్సెక్కకపోతుంటి."

ఎల్లేష్ కుప్పలోంచి ఒక వంకాయ తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"నాకు రెండింటికి డ్యూటీ" అని ఆమె తూకం వేయించుకుని, సంచి భుజానికి తగిలించుకుంది. "అమ్మను అడిగిన్నని చెప్పు."

జనంలో కొంతదూరం ఆమె తల కనిపించింది. వంకాయలమ్మే ఆమె రెండుసార్లు అడిగింది, నీకెన్ని తూచాల్నని. మూడోసారి అడిగాక, అరకిలో అన్నాడు ఎల్లేష్.