ఉగ్గుగిన్నె పట్టిన చెయ్యి

రామలక్ష్మి కుడిచెయ్యి మణికట్టు దగ్గరనుంచి చచ్చుబడి పదకొండు నెలలైంది. ఆమెకు ఇరవై రెండేళ్ళు. భర్త నరసింహం దివిసీమలో ఒక బోర్డు స్కూలు పంతులు. ఎడంచేత్తో అన్నం తింటుంటే చూడలేక అత్తగారు జానకమ్మ ఆమెను గోడవైపు తిప్పి కూర్చోబెట్టేది. ఊళ్ళో పసర్లు కట్టారు. ఎవడో భూతవైద్యుడు వచ్చి వేపమండలతో కొట్టి పోయాడు. ఏదీ పనిచెయ్యలేదు. 1934 వేసవిలో ఆమె అన్న సూర్యనారాయణ, బందరులో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా, పడవలో ఏరు దాటి వెళ్ళి చెల్లెల్ని తన ఇంటికి తీసుకొచ్చాడు.

బందరు గొడుగుపేటలో జీవానందం అని ఒక డాక్టరు ఉండేవాడు. క్రైస్తవుడు. వైద్యం చదివే రోజుల్లో ఒక పెద్ద డాక్టరు దగ్గర చేరి హిప్నాటిజం నేర్చుకున్నాడు. నత్తి, కారణం లేని వాంతులు, ఉన్నట్టుండి మాట పడిపోవడం ఇలాంటివి కొన్ని దానితో కుదిర్చాడు. ఊరంతా ఆయన్ను మెస్మరిజం డాక్టరనేది. ఆ పేరు నచ్చదని అందరితో అనేవాడు కాని, వినపడితే లోపల కొంచెం గర్వపడేవాడు.

డాక్టరు సూదితో రామలక్ష్మి వేళ్ళు పొడిచి చూశాడు. ఆమె కదల్లేదు. అరచెయ్యి పొడిచాడు. అప్పుడూ లేదు. మణికట్టు దాటి గాజుల దగ్గర పొడవగానే "అబ్బా" అంది.

"నరాలు గాజుల దగ్గర ఆగవు సూర్యనారాయణగారూ, భుజందాకా పోతాయి" అన్నాడు డాక్టరు. "జబ్బు నరంలో లేదు. చెయ్యి ఇక్కడితో అయిపోయిందని ఈమె మనసు అనుకుంటోంది."

"అంటే వేషమా డాక్టరుగారూ?"

"వేషం కాదు. రాత్రి దోమ కుడితే నిద్రలోనే కొట్టేస్తారు కదా. తెల్లవారి అడిగితే మీకు తెలియదు. మరి కొట్టిందెవరు? మీలోనే మీకు తెలియకుండా పనిచేసే మనసు ఒకటుంది. అది ఏదో నమ్మి ఈ చెయ్యిని ఆపేసింది. ఎందుకో దాన్నే అడగాలి."

రామలక్ష్మి తలొంచుకునే అంది: "ఎందుకో నాకు తెలుసండీ. ఈ చేత్తో నా కూతుర్ని చంపుకున్నాను."

ఆ సంగతి సూర్యనారాయణ చెప్పాడు. కిందటేడు ఆమె రెండేళ్ళ కూతురు ఆండాళ్‌కి దగ్గు పట్టుకుంది. ఆస్పత్రి మందు సీసా, జానకమ్మ మోకాళ్ళకు రాసుకొనే విషపు మందు సీసా ఒకే గూట్లో ఉండేవి. రెండూ ఒకలాంటివే, రెండింటి మీదా మోతాదు గుర్తుకు గాట్లు పెట్టిన కాగితం అంటించి ఉండేది. రామలక్ష్మి చూసుకోకుండా మోకాళ్ళ మందు తీసి పాపకు పట్టింది. తెల్లవారేసరికి పాప పోయింది. అత్తింటివాళ్ళు పోలీసుల దాకా పోనివ్వకుండా కడుపులో పెట్టుకున్నారని, వాళ్ళ మంచితనమని అన్నాడు.

డాక్టరు ఆమెను పడక కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగోడకు ఉన్న ఇత్తడి మేకును చూడమన్నాడు. తలుపు తీసే ఉంది, అన్న వరండాలోనే కూర్చున్నాడు. "మీ కళ్ళు బరువెక్కుతున్నాయి. ఊపిరి నెమ్మదిస్తోంది. నా మాట తప్ప ఏ చప్పుడూ మీకు అక్కర్లేదు." మొదటిరోజు ఆమె కునికి లేచింది. పదేపదే చెప్తే లోపలి మనసు నమ్ముతుందన్నాడు డాక్టరు. రెండోరోజు కన్నీళ్ళు కారాయి కాని మాట రాలేదు. మూడోరోజు ఆమె మెడ వాలిపోయాక డాక్టరు అడిగాడు.

"ఆ సాయంత్రం. మీరెక్కడున్నారు?"

"వంటింటి గడపలో. పాప ఒళ్ళో ఉంది."

"చేతిలో ఏముంది?"

"ఉగ్గుగిన్నె."

"సీసా?"

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. డాక్టరు తొందరపెట్టలేదు.

"సీసా ఆయన చేతిలో ఉంది" అంది చివరికి. "గూట్లోంచి తీసుకొచ్చారు. గిన్నెలో వంచారు. వాసన వేరేగా ఉందండీ అన్నాను. మందు మందులాగే వాసనొస్తుంది, నీ అనుమానాలు నువ్వూ, పట్టు అన్నారు. నేను పట్టించాను. పాప ఉమ్మెయ్యబోతే ముక్కు పట్టుకుని మింగించాను."

"తరవాత?"

"పాపని తీసుకెళ్ళాక అత్తయ్యగారు నన్ను కూర్చోబెట్టారు. సీసా నువ్వే తీశావే, నీకు మతిపోయి గుర్తు లేదు అన్నారు. ఆయన గోడకేసి తిరిగి నుంచున్నారు. అవును, రామం, నువ్వే తీశావు అన్నారు. పదిరోజులు ఎవరొచ్చినా అదే చెప్పారు. నాక్కూడా నేనే తీసినట్టు కనపడటం మొదలెట్టింది."

డాక్టరు వరండావైపు చూశాడు. సూర్యనారాయణ లేచి నుంచున్నాడు. తాను పడక కుర్చీ, ఇత్తడి మేకు పెట్టుకుని మూడురోజులు తంటాలుపడి చేసే పనిని ఆ ఇంట్లోవాళ్ళు ఇవేమీ లేకుండా చేశారని డాక్టరుకు అర్థమైంది. ఒక్క మాటనే, దుఃఖంలో ఉన్నదాని చెవిలో, పదేపదే వేశారు.

"రామలక్ష్మమ్మా, లేచాక ఇదంతా మీకు గుర్తుంటుంది" అన్నాడు. "మీరు వాసన పట్టారు. అడిగారు. మీ చెయ్యి తప్పు చెయ్యలేదు. దాన్ని వదిలెయ్యండి."

ఆమె చూపుడువేలు ముందు కదిలింది. తరవాత అయిదు వేళ్ళూ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. మెలకువ వచ్చాక ఆమె ఏడ్చిన ఏడుపు వీధిలోకి వినపడింది.

వారంరోజుల్లో చెయ్యి పూర్తిగా వచ్చింది. రామలక్ష్మి అన్న ఇంట్లో పప్పు రుబ్బింది, ముగ్గు వేసింది. కూతురు పోయినందుకు తల్లి ఏడవాల్సినట్టు ఏడ్చింది. ఇన్నాళ్ళూ నేరస్థురాల్లా ఏడ్చాను తప్ప పాపకోసం ఏడవలేదని డాక్టరుతో అంది.

ఉత్తరం అందుకుని నరసింహం బందరు వచ్చాడు. మంచినీళ్ళ చెంబు కుడిచేత్తో అందించి, అన్నావదినల ఎదుటే అడిగిందామె.

"ఏమండీ, ఆ రోజు సీసా తీసింది మీరు కదూ?"

"ఆ కిరస్తానీ డాక్టరు నీ తలలో ఏం ఎక్కించాడే?" అన్నాడు నరసింహం. నీళ్ళు తాగకుండానే చెంబు కింద పెట్టేశాడు.

మర్నాడు ఒక్కడే డాక్టరు దగ్గరకు వచ్చాడు. మొదట అరిచాడు. కాసేపటికి కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు.

"నేనే తీశానండీ. అది వాసన గురించి చెప్పింది కూడా నిజమే. బడినుంచి విసుగ్గా వచ్చాను. ఆ విసుగులో... మా అమ్మ అంది, మగవాడిమీద పడితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా రావచ్చు, ఆడదాని పొరపాటంటే ఎవరూ అడగరని."

"ఈ మాట మీ ఆవిడతో చెప్పండి."

"చెప్పలేను. మీరు ఇంకొక్కసారి నిద్రపుచ్చండి. చెయ్యి ఉండనివ్వండి, ఆ జ్ఞాపకం తీసెయ్యండి."

"అది నేను చెయ్యను."

నరసింహం లేచాడు. మొహం తుడుచుకున్నాడు. "పోనీ, నేను చెప్పింది మీలోనే ఉంచండి. లేకపోతే నాకూ ఒక మాట అనక తప్పదు. మా ఇంటి ఆడదాన్ని గదిలో పడుకోబెట్టి ఒళ్ళు తెలియకుండా చేశారు మీరు. ఆ ఒక్క ముక్క అంటే ఈ పేటలో మీ దగ్గరికి ఆడరోగి ఎవరొస్తారో చూసుకోండి."

ఆ సాయంత్రం సూర్యనారాయణ చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. పదిహేను రోజులుగా ఆడపడుచు ఇంట్లో ఉండటం భార్యకు కష్టంగా ఉంది. బావగారు తీసుకెళ్తానంటున్నాడు, చెల్లెలు ఆయన నిజం ఒప్పుకుంటేనే వెళ్తానంటోంది.

"డాక్టరుగారూ, ఒక్కటి చెప్పండి. నిద్రలో ఇది చెప్పిందంతా నిజమేనంటారా? ఊహించుకునే వీలు లేదా?"

రామలక్ష్మి డాక్టరు మొహంలోకి చూస్తోంది. ఆమె చూపులో భయం లేదు. జవాబు తెలిసినదానిలా నింపాదిగా ఉంది.

"ఆ స్థితిలో చెప్పేదంతా నిజమే కానక్కర్లేదు" అన్నాడు డాక్టరు. "మనసు కొన్ని కల్పించుకోవచ్చు కూడా."

ఆయన చదివిన పుస్తకాల్లో ఆ మాట ఉన్నమాటే. అందుకే అంత సులువుగా అనగలిగాడు. సూర్యనారాయణ గట్టిగా ఊపిరి వదిలాడు. రామలక్ష్మి అన్నకంటే ముందే గుమ్మం దిగింది. మర్నాడు భర్త వెంట వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలల తరవాత అవనిగడ్డలో ఒక రోగిని చూడటానికి వెళ్ళిన జీవానందం, పని అయ్యాక ఉండబట్టలేక నరసింహం ఊరు వెళ్ళాడు. మధ్యాహ్నం. జానకమ్మ పురాణానికి వెళ్ళింది, నరసింహం ఇంకా బడిలో ఉన్నాడు. రామలక్ష్మి అరుగుమీద చాప వేసింది. నిండు గర్భిణి. చాప ఎడంచేత్తో పరిచింది. కుడిచెయ్యి కొంగు కింద వేలాడుతోంది.

"ఎప్పటినుంచమ్మా?"

"వచ్చిన రెండో నెలనుంచి. అత్తయ్యగారు రోజూ నువ్వే అంటారండీ. కాదు కాదని నెల్లాళ్ళు అన్నాను. పదేపదే చెప్తే లోపలి మనసు నమ్ముతుందని మీరే అనేవారు కదా. నమ్మేసింది."

డాక్టరు ఆగలేకపోయాడు. "మీరు చెప్పింది అక్షరాలా నిజం. మీ ఆయన నా దగ్గర ఒప్పుకున్నాడు."

ఆమె కొంగు కుడిచేతిమీదికి లాక్కుంది.

"ఎప్పుడండీ? అన్నయ్య మిమ్మల్ని అడిగిన రోజుకు ముందా, తరవాతా?"

"ముందు."

"అయితే అలా చెప్పినప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"అప్పుడు అనుంటే అన్నయ్య నన్ను పంపేవాడు కాదు" అంది. కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

"ఇప్పుడైనా బందరు రండి. మూడు రోజుల్లో చెయ్యి వస్తుంది. మీ అన్నయ్యతో నేనే చెప్తాను."

"చెయ్యి వస్తే దానితోపాటు అదీ గుర్తొస్తుంది కదండీ. అది గుర్తుండగా ఈయనకి అన్నం ఎలా వడ్డించను? ఈ బిడ్డకి నాన్నగారని ఎలా చూపించను? వదినకి నేను మళ్ళీ అక్కర్లేదు. వేరే చోటు చెప్పండి, వస్తాను."

డాక్టరు దగ్గర చోటు లేదు. అంతలో నరసింహం గొడుగు ముడుస్తూ వచ్చాడు. ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"డాక్టరుగారా! ఎండన పడి వచ్చారే! రామం, మజ్జిగైనా ఇచ్చావా?"

ఆమె లోపలికి వెళ్ళి, బయటివాళ్ళ కోసం వేరే ఉంచిన గ్లాసులో మజ్జిగ తెచ్చింది. ఎడంచేత్తో ఇస్తున్నందుకు ఏమీ అనుకోవద్దంది. నరసింహం బడి పిల్లల సంగతులు చెబుతూనే ఉన్నాడు. జీవానందం గ్లాసు అందుకుని మొత్తం తాగాడు.