బాత్మా వదిన రాగం

కొచ్కోర్ లోయలో కథ లేని పాటని పాట కింద జమకట్టరు. కోముజ్ ఒళ్ళో పెట్టుకున్నవాడు దాని మూడు తీగలూ సవరించుకుంటూ, ఈ రాగం ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది, ఆ రోజు వాన పడుతోందా మంచు పడుతోందా అన్నీ చెప్పాకే వాయించాలి. చెప్పకుండా మొదలుపెడితే ముందు వరసలో కూర్చున్న ముసలాళ్ళు ఊరుకోరు. తండ్రి పేరు చెప్పకుండా పిల్లని చూపిస్తున్నావేంటయ్యా అని మొహం మీదే అడుగుతారు.

ముకాష్ ముప్పై నాలుగేళ్ళుగా ఒక పాటకి ఒకే కథ చెబుతున్నాడు. ఆ కథ పచ్చి అబద్ధం.

ఆ పాట పేరు "గుర్రం వచ్చింది". రాగం ముకాష్‌ది, మాటలు అతని చిన్ననాటి స్నేహితుడు సతార్‌వి. ఆ లోయలో ఏ పెళ్ళికూతురూ ఆ పాట వినకుండా పుట్టింటి గడప దాటదు. సైన్యం నుంచి తిరిగొచ్చిన కొత్తల్లో ఊట దగ్గర నీళ్ళు పడుతున్న ఒక అమ్మాయిని చూసి తన గుర్రం ఆగిపోయిందనీ, ఎంత అదిలించినా కదలకపోతే ఆ జీను మీదే ఈ రాగం తోచిందనీ ముకాష్ చెప్పేవాడు. జనం మురిసిపోయేవాళ్ళు. బతికున్నన్నాళ్ళూ అతని భార్య మాత్రం దెప్పుతూనే ఉండేది. "మా పుట్టింటి ముందే కుళాయి ఉండేది. ఊట మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆ నీళ్ళు మోసిన మహాతల్లి ఎవరో కాస్త కనుక్కోండి" అనేది నలుగురిలో. అందరితో పాటు ముకాషూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం.

నిజమేమిటంటే ఆ రాగం ముకాష్‌ది కానే కాదు. అది బాత్మా అనే ఆవిడ తన మొగుడు పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు.

బాత్మా మొగుణ్ణి ముకాష్ సొంత అన్నలా చూసుకునేవాడు. ఆయన కొండ మీద గొర్రెల మందలో ఉండగా పిడుగుపడి పోయాడు. గుర్రం ఒక్కటే ఖాళీ జీనుతో ఇంటికొచ్చింది. చావింటి ముందు ఉన్ని గుడారం వేశారు. ఆడవాళ్ళు లోపల గోడవైపు తిరిగి కూర్చున్నారు. వచ్చిన మగవాళ్ళు దూరం నుంచే అన్నా, అన్నా అని ఏడుస్తూ పరుగున గుడారం దాకా రావడం, వాళ్ళ గొంతు వినగానే లోపల బాత్మా శోకం అందుకోవడం. ముకాష్ పని వచ్చినవాళ్ళ గుర్రాల్ని కట్టేయడం. గుడారం వెనక నిలబడి, మందపాటి ఉన్నిలోంచి వస్తున్న ఆ గొంతు మూడు రోజులు విన్నాడు. మూడో రోజు చూసుకుంటే తన వేళ్ళు తొడ మీద కదులుతున్నాయి, కోముజ్ మీద కదిలినట్టు. సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ రాగం వదల్లేదు. ఆకురాలే కాలానికల్లా సతార్‌కి వినిపించాడు. "గుర్రం వచ్చింది, జీను వచ్చింది" అన్న శోకంలోని ముక్కని సతార్ అలాగే ఉంచి, ఆ ఖాళీ జీను మీద ఒక పెళ్ళికొడుకుని కూర్చోబెట్టాడు. రేడియోలో వచ్చిన నెలకి లోయంతా పాకిపోయింది.

బాత్మా ఎప్పుడూ ఏమీ అనలేదు. ఎదురుపడితే ఏం మరిదీ అని పలకరించేది. ఆవిడ గుర్తుపట్టలేదని ముకాష్ తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. మనిషికి నచ్చజెప్పుకోవడమంత సులువైన పని ఇంకోటి లేదు.

ఈ ఏడు ఆగస్టు చివర్లో బాత్మా ఒక్కగానొక్క కొడుకు తాలాయ్ దోలోన్ కనుమ దగ్గర లారీ బోల్తాపడి పోయాడు. మళ్ళీ అదే వాకిట్లో గుడారం వేశారు. ముకాష్ బిడ్డా, బిడ్డా అని ఏడుస్తూ వచ్చి గుడారానికి చెయ్యానించి తలవంచాడు. లోపల కోడలి వెక్కిళ్ళు తప్ప ఏమీ వినిపించలేదు. ఉన్నట్టుండి బాత్మా గొంతు లేచింది. ఒక స్వరం పట్టింది, రెండోది సగంలో తుంచేసింది. అంతే, మళ్ళీ లేవలేదు.

లోయ మొత్తంలో శోకం తీయడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. అలాంటిది కన్నకొడుక్కి నోరు విప్పలేదని జనం చెవులు కొరుక్కున్నారు. గుండె రాయైపోయిందన్నారు కొందరు. ముకాష్‌కి మాత్రం ఆ ఒకటిన్నర స్వరం చాలు. ఆవిడ నోటికొచ్చింది ఇప్పుడు పెళ్ళిపాట. అందుకే నోరు మూసుకుంది.

ఆ తర్వాత అతనికి తిండి సయించలేదు. సరిగ్గా అప్పుడే జిల్లా సాంస్కృతిక భవనం వాళ్ళు కబురు పెట్టారు. శనివారం సాయంత్రం ముకాష్, సతార్ ఇద్దరూ వేదిక మీద కూర్చుని తమ పాటలు ఎలా పుట్టాయో చెప్పాలి, రేడియోలో కూడా వస్తుంది అన్నారు. ఏం చెప్పాలో చూసుకోవడానికి ముకాష్ సతార్ ఇంటికి వెళ్ళాడు.

సతార్ ఎప్పటిలాగే బల్ల అంచు మీద వేళ్ళతో అక్షరాలు లెక్కపెడుతున్నాడు. ఏడు, ఎనిమిది, మళ్ళీ ఏడు. అతను మాటలు అలాగే కడతాడు, వంట చేస్తూ కూడా గరిటెతో కొలుస్తాడు. ముకాష్‌ది వేరే పద్ధతి. అతనికి నడుస్తుంటేనే రాగం తోస్తుంది, కూర్చుంటే ఎగిరిపోతుంది. టీ తాగుతూ పాత పాటలన్నీ ఒక్కొక్కటే తీశారు. ఒకటి కుంటి ఆవుని తోలుకొస్తుంటే వచ్చింది. ఇంకోటి సతార్ పంటినొప్పితో మూలుగుతుంటే ఆ మూలుగులోంచే వచ్చింది. నవ్వుకున్నారు. "గుర్రం వచ్చింది" దగ్గరికొచ్చేసరికి ముకాష్, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానన్నాడు.

సతార్ చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. "మతి పోయిందా నీకు? ఈ లోయలో సగం మంది ఆ పాటతో కాపురానికి వెళ్ళినవాళ్ళు. అది చావింటి శోకమని చెబితే రేపట్నుంచి ఏ పెళ్ళిలోనైనా పాడనిస్తారా? అపశకునం అంటారు. మన పేరు చెబితే జనం తల్చుకునేది ఆ ఒక్క పాటనే కదరా."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా?" సతార్ కప్పు పక్కన పెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు. "నిజం చెప్పాలని అంత దురదగా ఉంటే, ముందు చెప్పాల్సింది రేడియోకి కాదు."

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడు పొద్దున్నే ముకాష్ బాత్మా ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ వాకిట్లో కూర్చుని వడకట్టిన పెరుగుని కురుత్ ఉండలు చుట్టి గుడ్డ మీద ఆరబెడుతోంది. కూర్చోమంది. కోడలు టీ, నూనెలో వేయించిన బోర్సోక్‌లు తెచ్చిపెట్టి లోపలికి వెళ్ళింది. ముకాష్ కాసేపు వాతావరణం గురించీ, గడ్డి కోతల గురించీ నీళ్ళు నమిలాడు. తర్వాత తల దించుకుని అంతా చెప్పేశాడు. గుడారం వెనక నిలబడటం, తొడ మీద వేళ్ళు కదలడం, ఊట దగ్గర అమ్మాయి కథ కట్టడం, ఏదీ దాచలేదు.

బాత్మా చేతిలో ఉండ చుట్టడం ఆపలేదు.

"ముప్పై నాలుగేళ్ళు పట్టిందా మరిదీ, ఈ వాకిలి దాకా రావడానికి? మీ ఇంటికీ మా ఇంటికీ నడిస్తే పావుగంట."

బాత్మా ఉండని అరచేతుల మధ్య నొక్కింది.

"రేడియోలో మొదటిసారి వచ్చినప్పుడు పాలు పిండుతున్నాను. రెండో చరణానికి కూడా ఆగనక్కర్లేకపోయింది. ఒక ఏడాది పాటు నిన్ను తిట్టని పూట లేదు. తర్వాత పిల్లాడు పెద్దాడయ్యాడు. వాడికి ఆ పాటంటే ప్రాణం. తన పెళ్ళికి అదే పాడించుకున్నాడు, నన్ను లాక్కెళ్ళి ఆడించాడు కూడా. ఏం చెప్పను వాడికి? అది నీ తండ్రి శవం ముందు ఏడ్చింది రా అని చెప్పనా? ఆడాను." ఉండని గుడ్డ మీద పెట్టి ఇంకోటి తీసుకుంది. "మొన్న గుడారంలో నోరు తెరిస్తే అదే వచ్చింది. నాకు వేరే రాగం రాదు, ఎప్పుడూ రాలేదు. పక్కనే కోడలు. దానికది పెళ్ళినాటి పాట. ఎలా పాడను?"

ముకాష్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తనని ఏమైనా చెయ్యమని అడగమన్నాడు. నువ్వు చెయ్యగలిగిందేముంది అంది ఆవిడ. ఆ తర్వాత కళ్ళెత్తి సూటిగా చూసింది.

"ఒకటి తీసుకున్నావు కదా. ఒకటి కట్టివ్వు. నలభయ్యో రోజుకి జనం మళ్ళీ ఏడుస్తూ వస్తారు. ఆ రోజు కూడా నేను నోరు మూసుకుని కూర్చుంటే, వాడు తల్లి లేనివాడిలా పోయినట్టే."

మగవాడు శోకం కట్టడం ఆ లోయలో ఎవరూ ఎరగరు. అయినా ముకాష్ సరేనన్నాడు. శనివారానికి ఇంకా ఆరు రోజులుంది, ఆ పై బుధవారమే నలభయ్యో రోజు.

ఆ ఆరు రోజులూ కాలవ గట్టున నడిచీ నడిచీ చెప్పులరిగిపోయాయి. రాగాలు రాకపోలేదు, బోలెడు వచ్చాయి. అదే చిక్కు. ప్రతిదానికీ చక్కని ఎత్తుగడ ఉంది, అందరూ కలిసి అందుకునే పల్లవి ఉంది, చివర్లో చప్పట్ల కోసం ఆగే చోటు ఉంది. సతార్ మాటలు కట్టి చూశాడు. ఏడూ ఎనిమిదీ తప్పకుండా ఒదిగాయి. గురువారం ఇద్దరూ కలిసి పాడుకున్నారు.

"బాగానే ఉంది కదరా" అన్నాడు సతార్.

"బాగానే ఉంది. అందుకే పనికిరాదు. దీన్నీ పెళ్ళిలో పాడొచ్చు."

సతార్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. నలభై ఏళ్ళుగా పాటలు కడుతున్న ఇద్దరు మనుషులకి, తమ చేతిమీదుగా వచ్చిన వాటిలో నిఖార్సయినది ఒక్కటేననీ, అదీ తమది కాదనీ ఆ పొయ్యి ముందు తెలిసొచ్చింది. ఇంత పెద్దతనంలో తెలిసొచ్చాక, మా పాట అని చెప్పుకోవడానికి వేరే ఏమీ మిగల్లేదు.

శనివారం హాలు కిటకిటలాడిపోయింది. కుంటి ఆవు కథకి నవ్వారు, పంటినొప్పి కథకి ఇంకా నవ్వారు. చివరికి ముందు వరసలోని ముసలాళ్ళు "గుర్రం వచ్చింది" కావాలన్నారు. ముకాష్ కోముజ్ ఒళ్ళో పెట్టుకుని తీగలు సవరించుకోలేదు. దాన్ని పక్కన పెట్టి కథ ఒక్కటే చెప్పాడు. ఊట లేదన్నాడు, అమ్మాయి లేదన్నాడు. పిడుగు, ఖాళీ జీను, ఉన్ని గుడారం, దాని వెనక నిలబడి ఏడుపుని దొంగిలించిన ఒక కుర్రాడు, ఇవే నిజమన్నాడు. బాత్మా పేరూ చెప్పాడు.

"పాటకి కథ ముఖ్యమని మీరే అంటారు. దీని కథ ఇది. ఇక నేను దీన్ని వాయించను, ఇది నాది కాదు. మీరూ పెళ్ళిళ్ళలో పాడకండి. సొంతదారుకి దీనితో పని పడింది."

మాటలు కూడా సగం ఆవిడవేనని సతార్ పక్కనుంచి అన్నాడు.

ఒక పెద్దావిడ బెదురుగా, నా ముగ్గురు కూతుళ్ళూ ఆ పాటతోనే అత్తారింటికి వెళ్ళారే అంది. ముగ్గురూ బాగానే కాపురాలు చేసుకుంటున్నారు కదా, ఆ తల్లి ఏడుపు వాళ్ళకి దీవెనైందనుకో అని వెనకనుంచి ఎవరో సర్దిచెప్పారు. పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించే అతను లేచి, వచ్చే ఆదివారం పెళ్ళి ఒప్పుకున్నాను, ఏం పాడమంటారు అని కోపంగా అడిగాడు. ఏదైనా పాడు, ఇది మాత్రం వద్దు అని ముందు వరసలోని ముసలాళ్ళే కసిరారు. అక్కడితో తేలిపోయింది. ఒకసారి చావింటి కథ అంటుకున్నాక ఆ పాటని పెళ్ళిపందిట్లోకి తెచ్చే ధైర్యం ఆ లోయలో ఎవరికీ లేదు. ముప్పై నాలుగేళ్ళ పేరు ఒక్క సాయంత్రంలో పోయింది. ముకాష్‌కి దిగులేసింది, లేదంటే అబద్ధం. అయినా ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

బుధవారం మధ్యాహ్నం బాత్మా ఇంటికి జనం ఏడుస్తూ వచ్చారు. వాళ్ళలో ముకాషూ, సతారూ ఉన్నారు. బిడ్డా, బిడ్డా అంటూ ఇంటి గోడ దాకా వచ్చి తలలు వంచారు. లోపల నిశ్శబ్దం. ఇస్తానన్న కొత్త రాగమేదీ ముకాష్ తేలేదు, తెచ్చింది పాతదే, అదీ రేడియోలో పంపించాడు. ఆవిడ విన్నదో లేదో, విని తీసుకుంటుందో లేదో ముకాష్‌కి తెలియదు.

బాత్మా గొంతు లేచింది. ఒక స్వరం, రెండో స్వరం. ఈసారి తుంచలేదు. "మీ నాన్న గుర్రమైనా ఇంటికొచ్చింది, నీ వెనక ఏదీ రాలేదు కొడుకా" అని అందుకుంది. రెండో వరసకి కోడలి గొంతు కూడా కలిసింది. వాకిట్లో మగవాళ్ళు నిజంగానే ఏడ్చారు.

ముకాష్ కిందికి చూసుకున్నాడు. తొడ మీద వేళ్ళు కదులుతున్నాయి. చప్పున వెనక్కి తిరిగి, మాంసం ఉడుకుతున్న డేగిసాలు దాటి, కట్టేసిన గుర్రాలు దాటి, కాలవ దాకా వెళ్ళిపోయాడు. అక్కడ నీళ్ళ హోరుకి ఏమీ వినిపించదు. కాసేపటికి సతార్ ఆయాసపడుతూ వెతుక్కుంటూ వచ్చాడు.

"ఇక్కడేం చేస్తున్నావురా? జన్మలో మళ్ళీ అలాంటిది వినం."

"అందుకే వచ్చేశాను. వింటే మళ్ళీ తెచ్చేసుకుంటాను."

సతార్ పక్కన కూర్చున్నాడు. లోపల శోకం అయిపోయిందని ఎవరో వచ్చి పిలిచేదాకా ఇద్దరూ ఆ నీళ్ళ దగ్గరే ఉన్నారు.