జుంబెర్ వెనక పందెం

రుస్తావీలో ఉక్కు కార్ఖానా పక్కనున్న ఆ ఇళ్ళ ఉమ్మడి వాకిట్లో పెళ్ళి జరిగినా, ఎవరైనా పోయినా, విందు బల్లకు తమదాగా, అంటే విందు నడిపే పెద్దగా, జుంబెర్‌నే కూర్చోబెట్టేవారు. తమదా గ్లాసెత్తి నాలుగు మాటలు చెప్పేదాకా అక్కడ ఎవరూ గుక్క మింగరు. ఆయన తాగాక తాగకుండానూ ఉండరు. జుంబెర్‌కు ఒక్క విషయంలోనే గర్వం. తన బల్ల దగ్గర్నుంచి ఏ మగాడూ పడుతూ లేస్తూ ఇంటికి పోలేదు. ఎవడి మోతాదెంతో కనిపెట్టి, మితిమీరేవాడి గ్లాసులో గుట్టుగా నీళ్ళు పోయించేవాడు. అలాంటి మనిషి ఫోనులో పేకాటకు కూర్చుంటే ఆ జనం ఏం చేస్తారు? గ్లాసు ఎత్తినట్టే ఆయన వెనక డబ్బూ ఎత్తారు. వాళ్ళను బుద్ధిలేనివాళ్ళనుకోకండి. ఒక మనిషిని నమ్మడం ఎలాగో వాళ్ళు నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే.

ఆట పేరు ఇరవై ఒకటి. తెర మీద ఎర్ర గౌను వేసుకున్న పిల్ల నవ్వుతూ ముక్కలు పంచుతుంది. మన ముక్కలు కలిపితే ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, ఆ పిల్ల లెక్కను మించాలి, ఇరవై ఒకటి దాటితే మాత్రం పోయినట్టే. రాజు, రాణి, జాకీ ఒక్కోటి పది, ఆసు ఒకటిగానో పదకొండుగానో లెక్క. ఆ పిల్ల పదిహేడు వచ్చేదాకా తీసి ఆగిపోతుంది. బల్లకు ఏడు కుర్చీలే. కుర్చీ దొరకనివాళ్ళు కూర్చున్నవాడి వెనక పందెం కాయొచ్చు. ముక్క తీసుకోవడమా, ఆగడమా అన్నది కూర్చున్నవాడి ఇష్టం. వెనకవాడికి డబ్బు పెట్టే హక్కే గాని నోరెత్తే హక్కు లేదు. తన వెనక ఎంతమంది ఉన్నారో కూర్చున్నవాడికి కనిపిస్తుంది, ఎంతెంత పెట్టారో కనిపించదు.

ఇవి చాలవన్నట్టు పక్క పందేలు. మొదటి రెండు ముక్కలూ జోడీ పడతాయని ఒకటి, మన రెండూ ఆ పిల్ల ఒకటీ వరుసగా వస్తాయని ఒకటి. తగిలితే ఒకటికి ఇరవై అయిదు, ముప్పై. కుర్రాళ్ళు వాటి మీద పడి చచ్చేవారు.

"అది ఎర రా సన్నాసుల్లారా, గాలం కనపడటం లేదా?" అని తిట్టేవాడు జుంబెర్. తను మాత్రం వాటి జోలికి పోడు. పదహారు మీద ఎప్పుడు తీయాలో, పన్నెండు మీద ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు, నిదానంగా ఆడతాడు. ఓడినా కొంచెమే ఓడతాడు. ఆ నిదానమే కొంప ముంచింది. నిదానంగా ఆడేవాడి వెనక కాస్తే పోదని అందరూ అనుకున్నారు. మెల్లగా పోవడం కూడా పోవడమేనని ఎవరికీ తోచలేదు, జుంబెర్‌కు కూడా.

ఒకరోజు పొద్దున లమారా మెట్లెక్కి వచ్చింది, గుడ్డలో వేడి రొట్టె చుట్టుకుని. ఆమె భర్త ఓతార్‌కు వాకిటి మూల రొట్టెల బట్టీ ఉంది. ఓతార్ తండ్రి తన చేతులతో మట్టి మెత్తి కట్టిన బట్టీ. ఇద్దరు పిల్లలు, ఆ పొయ్యి తప్ప ఇంకో ఆధారం లేదు.

"బాబాయ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. మా ఆయన్ని ఆపండి."

"ఏమైందమ్మా?"

"బట్టీ తాకట్టు పెడతాడట. మీ వెనక కాయడానికి. నేను ఏడిస్తే, 'జుంబెర్ కూర్చున్నాక ఏమవుతుందే?' అంటాడు. ఆ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. మీరు చెబితేనే వింటాడు."

జుంబెర్‌కు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తన వెనక కనిపించే అంకె పెరిగినప్పుడల్లా లోలోపల మురిసిపోయిన మాట నిజం. పింఛను తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చునే ముసలివాడి వెనక అంతమంది నిలబడితే మురిసిపోడా మరి?

ఆ మధ్యాహ్నమే వాకిట్లో, డామినోలాడే రేకుల పందిరి కింద, అందరి ముందూ చెప్పాడు. "ఇక నా వెనక ఎవరూ కాయకండి. ఈ ఆట మనల్ని తినడానికి పుట్టింది."

ఎల్గుజా పకపకా నవ్వాడు. వాడు జుంబెర్ ఈడువాడే, నోటికి తాళం లేనివాడు. "ఏరా, అదృష్టం నువ్వొక్కడివే మింగుదామనా? తమదా ఒక్కడే తాగిన విందు ఎక్కడైనా చూశామట్రా?"

అందరూ నవ్వారు. ఓతార్ కూడా నవ్వాడు గాని, కళ్ళు నవ్వలేదు.

"నువ్వు లేస్తే ఆ కుర్చీలో నేనే కూర్చుంటా బాబాయ్," అన్నాడు. "నాకు లెక్కలు రావు, నీకు తెలుసు. పక్క పందేలన్నీ కాస్తా, ఏం?"

తమాషాగా అన్నట్టే అన్నాడు. కానీ వాడు అన్నంత పనీ చేస్తాడని జుంబెర్‌కు తెలుసు. వాడే కూర్చుంటే బట్టీ ఒక్క మధ్యాహ్నంలో బూడిదవుతుంది. లేస్తే వాడు మునుగుతాడు, కూర్చుంటే వీళ్ళందరూ మునుగుతారు. ఆలోచించి ఆలోచించి ముసలివాడు ఒక నిర్ణయానికి వచ్చాడు. వాళ్ళ నమ్మకమే విరగ్గొట్టాలి, అది పోతే ఆట మీద మోజూ పోతుంది. చిన్నపిల్లాడు కూడా చేయని తప్పు అందరి కళ్ళ ముందూ చేయాలి. తనకు మతి పోయిందని వాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోవాలి. పరువు పోతుంది. పోనీ. బతుకంతా కాపాడుకున్న పేరును చేజేతులా పారేసుకోవడం ఆయనకు ప్రాణం పోయినట్టే ఉంది, అయినా సిద్ధపడ్డాడు.

మర్నాడు ఫోను బల్ల మీద నిలబెట్టి కూర్చున్నాడు. అందరూ ఆయన చుట్టూ చేరారు. రాజు, రాణి పడ్డాయి, ఇరవై. ఆ పిల్ల ముందు ఆరు. భూమ్మీద ఎవడైనా అక్కడ ఆగుతాడు. జుంబెర్ ఇంకో ముక్క అడిగాడు.

"ఒరేయ్, చెయ్యి జారిందా?" అని ఎల్గుజా కేక పెట్టాడు.

ఆసు పడింది. ఇరవై ఒకటి.

ఆ పిల్ల ఆరు మీద పది తీసింది, దాని మీద నాలుగు తీసింది. ఇరవై. వాకిలి దద్దరిల్లిపోయింది. ఇరవై దగ్గర ఆగి ఉంటే ఎవరి డబ్బు వారికి వచ్చేదంతే, ముసలివాడు ముందే పసిగట్టాడు అని ఒకటే అరుపులు.

"అది కాదురా! చివరి కుర్చీ నాది, ఆ ఆసు నేను తీయకపోతే నేరుగా ఆ పిల్లకు పోయేది. దాంతో పదిహేడై ఆగిపోయేది. నా ఇరవైతోనే గెలిచేవాళ్ళం," అని జుంబెర్ మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఎల్గుజా ఆయన నెత్తి మీద ముద్దు పెట్టాడు. ద్రాక్ష సారా తెప్పించారు. ఓతార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి జుంబెర్‌కు భయం వేసింది.

ఆ మాట పక్క వాకిళ్ళకూ పాకింది. మర్నాడు ఆయన వెనక అంకె మూడింతలైంది. ఇంకా ఆలస్యం చేస్తే లాభం లేదనుకున్నాడు. మొండి ఆసు రోజూ వస్తుందా? ఆట మొదలెట్టే ముందు ఓతార్‌ను పక్కకు పిలిచాడు.

"ఎంత పెడుతున్నావు? నిజం చెప్పు."

"ఎప్పుడూ పెట్టేదే బాబాయ్."

"బట్టీ మీద చెయ్యి వేయలేదు కదా?"

"ఛ, అదేం మాట!"

పందెం ఎంతో ముందే నోటితో చెబితే కలిసిరాదని వాడి నమ్మకం. ఆ పొద్దున్నే బట్టీ కాగితాలు అప్పులిచ్చేవాడి చేతిలో పెట్టి వచ్చాడని జుంబెర్‌కు ఎలా తెలుస్తుంది?

పది, జాకీ పడ్డాయి. మళ్ళీ ఇరవై. ఆ పిల్ల ముందు అయిదు. జుంబెర్ మనసులో, దేవుడా, ఈసారైనా నన్ను ఓడించు అనుకుని ముక్క అడిగాడు. ఈసారి ఎవరూ కేక పెట్టలేదు.

ఏడు పడింది. ఇరవై ఏడు.

ఆ పిల్ల నవ్వు చెదరకుండా ఆయన ముక్కలు తీసేసింది. తర్వాత తన అయిదు మీద రాజు వేసుకుంది, దాని మీద తొమ్మిది పడింది. ఇరవై నాలుగు. ఆమే ఓడింది. బల్ల దగ్గర కూర్చున్న మిగతా వాళ్ళందరూ గెలిచారు. కానీ ముందు దాటినవాడు ముందే పోయినట్టు, తర్వాత ఆ పిల్ల దాటినా వాడి డబ్బు తిరిగి రాదు. జుంబెర్ ఒక్కడూ, ఆయన వెనక నిలబడ్డవాళ్ళూ పోయారు. ఆ ఏడు తీయకపోయినా ఆమె ఇరవై రెండుతో పోయేదే. ఎటు చూసినా గెలిచే ఆట అది.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, సరిగ్గా అదే జరిగింది. ఓతార్ బల్ల అంచు పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

"ఎంతరా?" అన్నాడు జుంబెర్.

ఓతార్ తల తిప్పి మూలనున్న బట్టీ వైపు చూశాడు. కిటికీలో రొట్టెలు అమ్ముతున్న లమారా ఆ చూపు చూసింది. చేతిలో రొట్టె అలాగే ఉంచుకుని నడిచి వచ్చింది.

జుంబెర్ లేచి నిలబడ్డాడు. విందు బల్ల దగ్గర తప్ప ఎప్పుడూ నిలబడి మాట్లాడని మనిషి.

"కావాలనే తీశాను," అన్నాడు. "నిన్నా కావాలనే తీశాను. మీరు నన్ను అసహ్యించుకుని వెళ్ళిపోవాలని తీశాను. ఓడిపోవడానికే ఆడాను. వింటున్నారా? నేనే మిమ్మల్ని ముంచాను!"

ఎల్గుజా తల దించుకుని తన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

లమారా నమ్మింది. ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. "నేనే కదా అడిగాను మిమ్మల్ని," అంది. చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేసి, రెండు చేతులతోనూ ముఖం కప్పుకుంది.

ఓతార్ మాత్రం నేల మీద నుంచే తలెత్తి నవ్వాడు. దయతో నవ్వాడు. ముసలివాణ్ణి తను ఓదార్చాలన్నట్టు నవ్వాడు.

"ఊరుకో బాబాయ్. తప్పు నెత్తిన వేసుకోకు. ఎవడైనా కావాలని ఇరవై మీద తీస్తాడా? నీకేదో కనిపించే ఉంటుంది. ముక్క ఒక్కటి అటూ ఇటూ అయింది, అంతే." లేచి, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. "ఇంట్లో పడకగది సామానుంది. మా అమ్మ ఉంగరాలున్నాయి. రేపు కూర్చుంటావుగా?"

జుంబెర్ కూర్చోనని చెప్పడానికే నోరు తెరిచాడు. ఆయన కూర్చోకపోతే ఆ కుర్చీలో వీడు కూర్చుంటాడు. లమారా ముఖం మీద చేతులు తీసి ఆయన వైపు చూస్తోంది.

"కూర్చుంటాను," అన్నాడు.