ఎల్లస్వామి పాటలో రెండో చరణం

ఎల్లస్వామి పాటంటే నాగులమ్మకు ఒళ్లు మంట. జడ్చర్ల చుట్టుపక్కల ఏ ఊళ్లో బావి తవ్వినా ఆమె మొగుడు అదే ఎత్తుకునేవాడు.

"గింజ లేదు గాదెల, నీళ్లు లేవు బాయిల
ఉన్నదొక్క రాయిరా, కొట్టు కొట్టు"

ఆ మాట రాగానే బావిలో ఉన్నవాళ్లంతా సమ్మెటలతో బండమీద రెండు దెబ్బలు వేయాలి. ఆ ముఠా పద్ధతి అది. పాట మొదలైతే చాలు, నాగులమ్మ మట్టితట్ట నెత్తిన పెట్టుకుని గట్టు అవతలికి పోయేది. ఇంట్లో ఉన్న లేమి చాలదా, పాటలో కూడానా అని ఆమె కోపం. పెళ్లయి ఆరేళ్లయినా మొదటి చరణం దాటి విన్న పాపాన పోలేదు.

వానలు ఎగ్గొట్టిన ఏడాది అది. మిట్టమధ్యాహ్నం ముఠా అంతా అంబలి తాగడానికి పైకొచ్చింది. ఇంకో నాలుగు దెబ్బలేసి వస్తానని ఎల్లస్వామి ఒక్కడే కింద ఆగాడు. బావి ఒడ్డు విరిగి అతని మీద పడింది.

గంటసేపు కేకలు పెడుతూ మట్టి తోడారు. బదులు లేదు. ఇంతలో రెండో ఒడ్డు కూడా బీటలిచ్చింది. ముఠామేస్త్రి మారయ్య పని ఆపించి, అందరినీ పైకి రమ్మన్నాడు. పోయినవాడి కోసం ఉన్నవాళ్లను ఎట్లా చంపుకుంటాడు? ఆయన్ను అనడానికి లేదు.

"ఇగ మన వశం కాదు చెల్లె," అన్నాడు.

నాగులమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బావి అంచున బోర్లా పడుకుని, ఆరేళ్లుగా తనకు గిట్టని ఆ పాటనే గొంతు చించుకుని పాడింది. కింద ఏమీ లేదు. మళ్లీ పాడింది. పిచ్చి పట్టిందనుకున్నారు. మూడోసారి పాడాక, తోడే సందడి లేని ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో అడుగున బండమీద ఇనుము మోగింది. రెండు దెబ్బలు.

అందరికన్నా ముందు పార అందుకున్నది మారయ్యే. బీటలిచ్చిన ఒడ్డుకు దూలాలు ఆనించి, చప్పుడు వచ్చిన మూల తవ్వారు. నాగులమ్మ పాట ఆపలేదు. వచ్చిన ఒక్క చరణాన్నే తిప్పి తిప్పి పాడింది. పాడిన ప్రతిసారీ కింద నుంచి రెండు దెబ్బలు.

ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద ఒదిగి ఉన్నాడు ఎల్లస్వామి. పొద్దు గూకకముందే మోకు కట్టి పైకి లాగారు. కాలు విరిగింది గానీ మనిషి దక్కాడు. అతని ముఖాన మట్టి తుడుస్తుంటే అప్పుడొచ్చింది నాగులమ్మకు ఏడుపు. గుండె తేలికపడి, అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చింది.

ఎల్లస్వామి చెంబెడు నీళ్లు తాగి ఆమె వైపు చూశాడు.

"ఏమే, ఒక్కటే చరణం పాడి పాడి సంపినవు. రెండోది ఇప్పుడు పాడుతవు, ఇప్పుడు పాడుతవని పానం బిగవట్టుకొని కూసున్న."

"నేనెన్నడు విన్న గన్క? జర ఇప్పుడు చెప్పు."

మట్టి నిండిన గొంతుతో చెప్పాడు.

"రాయి కింద తడి ఉన్నది, తడి ఎన్క జల ఉన్నది
ఇంకొక్కటే దెబ్బరా, కొట్టు కొట్టు"

సమ్మెటలన్నీ బావిలోనే ఉన్నాయి. నాగులమ్మ అరచేత్తో నేలమీద రెండుసార్లు కొట్టింది.