అక్క దగ్గు

పొద్దున తొమ్మిదింటికి ముందు గదిలో అక్క కుట్టుమిషను మొదలయ్యేది. తొమ్మిదింపావుకి వెనక గదిలో తమ్ముడి గీకుడు మొదలయ్యేది. మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ. స్కూలు యూనిఫారాలకీ ఆఫీసు చొక్కాలకీ కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు చేతులు బార్లా చాపి నిలబడి, "గోడవతల ఏంటమ్మా, ఎలుకలా?" అని అడిగేవాళ్ళు.

"మా తమ్ముడండీ. డీజే," అనేది అక్క. ఎలుకలైతే ఏదో మందు పెట్టొచ్చు, దీనికేం పెడతాం అన్నట్టుండేది ఆ అనడం.

తిరిగే రికార్డుని వేళ్ళతో ఆపి, వెనక్కి లాగి, ముందుకి తోసి, దానిచేత కిచకిచలాడించడం అతని పని. అందుకని వీధివాళ్ళు అతనికి గీకుడు అని పేరు పెట్టారు. అతను కాదనలేదు. తనకి సంగీతం రాదని అందరికంటే ముందు తనే చాటింపు వేసుకునేవాడు. "సరిగమల్లో నాకు స వచ్చు, రి దగ్గర కొంచెం అనుమానం," అనేవాడు. "మా అక్క తానులోంచి గుడ్డ కోసి చొక్కా కుడుతుంది. నేను పక్కవాడి చొక్కా కోసి నాకు జేబు కుట్టుకుంటాను. అంతే తేడా."

ఆ కోయడంలోనే ఉంది సంగతంతా. ఏ చప్పుడునైనా క్యాసెట్లోకి ఎక్కించి, అందులోంచి అతను తన చేత్తో ఓ ముక్క కోశాడంటే, ఆ చప్పుడు ఇక సొంతదారు దగ్గర ఉండదు. మూటాముల్లె సర్దుకుని క్యాసెట్లోకి వచ్చేస్తుంది. కోసిన ముక్కే కాదు, ఆ తర్వాత ఎప్పుడెప్పుడు రావలసి ఉందో అప్పుడప్పుడు నేరుగా అందులోకే వచ్చి చేరుతుంది. మొదట పోయింది అక్క కుక్కరు కూత. అది పాటలో బ్రహ్మాండంగా కుదిరింది, ఇంట్లో మాత్రం నెల్లాళ్ళు అన్నీ మాడాయి. "నా కూత నాకిచ్చెయ్యరా!" అని అక్క గరిటె పుచ్చుకుని వెంటపడింది. ఇవ్వడం అతని వల్ల కాలేదు. కోసింది మళ్ళీ అతకదు.

తర్వాత ఎదురింటి కుక్క మొరుగుడు. ఆ కుక్క ఆపైన నోరు తెరిచేది, గాలి వచ్చేది. వీధి వీధంతా వచ్చి అతనికి దండాలు పెట్టింది. పక్కింటి గుమాస్తా గురకైతే, గుమాస్తా భార్యే మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. "మొత్తం తీసుకో నాయనా, ఏమీ మిగల్చకు," అంది. ఎక్కిళ్ళవాళ్ళు వచ్చారు, పళ్ళు కొరికేవాళ్ళు వచ్చారు. ముందు గదిలో కొలతలు, వెనక గదిలో కోతలు.

క్యాసెట్లన్నీ అలమారలో వరసగా ఉండేవి. రోజులు గడిచేకొద్దీ లోపలి టేపు తనంతట తను పెరిగి, డబ్బాలు ఉబ్బి, మూతలు లేచేవి. వాటికి రబ్బరు బ్యాండ్లు వేసేవాడు. విప్పి వినడం మాత్రం ఏనాడూ లేదు. అతని పాటకి అర క్షణం ముక్క చాలు, దాన్నే గిర్రున తిప్పుతూ పోతే మూడు నిమిషాల పాటవుతుంది. మిగతాది వినడానికి తీరికెవరికి?

అక్క అతనికంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు అతన్ని ఎత్తుకుంది, తర్వాత దించడం మర్చిపోయింది. బావ ఇంకో ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాక, ఇంట్లో మిగిలింది అక్క, అక్క కూతురు, అతనూ. మొదటి రికార్డు ప్లేయరు కొనిచ్చింది అక్కే. రెండో కుట్టుమిషను రావలసిన మూలలో అది వచ్చి కూర్చుంది.

ఓ చలికాలం అతనూ, పాట చెప్పే స్నేహితుడూ ఒక దరువు కోసం వారం రోజులు అవస్థ పడ్డారు. ఆ స్నేహితుడికి మైకు అవసరం లేనంత గొంతు, అందుకని అతన్ని మైకు అనేవాళ్ళు. రేకు డబ్బా కొట్టారు, తలుపు కొట్టారు, విసుగొచ్చి ఒకరినొకరు కూడా కొట్టుకున్నారు. ఏదీ పడలేదు. అప్పుడు గోడవతల నుంచి వచ్చింది, ఖళ్ళుమని, ఎండిన కొమ్మ విరిగినట్టు.

"ఏంట్రా అది?" అన్నాడు మైకు.

"మా అక్క దగ్గు."

"దగ్గు కాదురా అది. మన అదృష్టం."

అక్క బేరమాడకుండా ఒప్పుకుంది. "పట్టుకుపో, పీడా విరగడవుతుంది. సరిగ్గా సూదిలో దారం ఎక్కించేటప్పుడే వచ్చి చస్తోంది." రికార్డరు ముందు కూర్చుని, కొంగు సర్దుకుని, ఫొటో దిగుతున్నట్టు మొహం పెట్టి దగ్గింది. "ఇంకోటి ఇమ్మంటావా?"

"చాలక్కా. ఒక్కటి చాలు."

ఆ ఒక్క దగ్గుతో అతని బతుకు మారిపోయింది. టీ కొట్లలో అదే పాట, బస్సుల్లో అదే పాట. సాయంత్రం నాలుగింటికి ఓ కాలేజీ మైదానంలో ప్రోగ్రాం పెడితే వేలమంది వచ్చారు. అతను రికార్డు మీద చెయ్యి వేసి ఆపాడు. సరిగ్గా దరువు పడాల్సిన చోట ఆ వేలమందీ ఒక్కసారి దగ్గారు. మైదానం చుట్టూ చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ముందు వరసలో కూర్చున్న అక్క కళ్ళు తుడుచుకుని, పక్కనున్న కూతురితో అంది: "చూశావుటే, నా దగ్గు ఎంతమందికి అంటుకుందో!"

తర్వాత ఏడాదిన్నర అతను ఇంట్లో ఉన్నది తక్కువ. ఊరూరా ప్రోగ్రాములు, పెద్ద పెద్ద స్టూడియోలు, రేడియోలో ఇంటర్వ్యూలు. వచ్చినప్పుడల్లా అక్క మిషను దగ్గరే ఉండేది, శుభ్రంగా, ఒంటికి అతికినట్టున్న జాకెట్టుతో. కాస్త నీరసంగా ఉన్నావంటే "నీ మొహం, నువ్వే నల్లబడ్డావు" అనేది. ఆవిడ టైలరు. ఒళ్ళు తగ్గినప్పుడల్లా తన బట్టలు తనే అర అంగుళం చొప్పున లోపలికి వేసి కుట్టుకునేది. అందుకని ఎవరికీ వదులుగా కనబడలేదు. ఓ రోజు కొలత తీస్తూ తీస్తూ టేపు చేతిలోనే పట్టుకుని నేల మీద కూలబడిపోయేదాకా కనబడలేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అంది.

"దగ్గు లేదండి."

"ఊపిరితిత్తులు ఇలా ఉండి దగ్గు లేకపోవడమేంటి?"

"ఉండేదండి. మావాడు తీసుకున్నాడు," అంది అక్క, కొంచెం గొప్పగానే. "పాటలో ఉంది. మీరూ వినే ఉంటారు."

"వినకేం. మా ఇంట్లో పిల్లలు పొద్దస్తమానం అదే." డాక్టరమ్మ కలం కింద పెట్టి అతనికేసి చూసింది. "ఎప్పుడు తీశావు?"

"ఏడాదిన్నర అయిందండి."

"అప్పుడు దగ్గుకుంటూ నా దగ్గరికి వచ్చి ఉంటే చేయడానికి చాలా ఉండేది," అంది డాక్టరమ్మ. తిడితే బావుండునని అతను ఆవిడ బల్ల ముందు కాసేపు నిలబడ్డాడు. ఆవిడ తర్వాతి మనిషిని పిలిచింది.

ఇంటికొచ్చి అలమార తెరిచాడు. అక్క క్యాసెట్టు అన్నిటికంటే లావుగా, ఇటుకంత ఉంది. నాలుగు రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఆ నాలుగూ వేసింది అతనే, ఒక్కొక్కసారి ఊరినుంచి వచ్చినప్పుడు ఒక్కొక్కటి. తీసి, మొదటినుంచి పెట్టాడు. ముందు వచ్చింది దేశమంతా ఎరిగిన దగ్గు. దాని తర్వాత ఇంకోటి, ఇంకోటి. మొదట్లో పొడిగా ఉన్నాయి. రానురాను తడి తగిలింది. తర్వాత లోతుకి దిగాయి, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చాయి. ఇంకా తర్వాత, ప్రతి గుంపు చివరా ఊపిరి కోసం వెతుక్కోవడం. తారీఖులు వేసినట్టు అన్నీ వరసగా ఉన్నాయి. ఒక్క దెబ్బ విని ఆ డప్పు ఏ గదిలో కొట్టారో, కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో చెప్పగల చెవి అతనిది. మూడు రోజులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని విన్నాడు.

"విన్నావుటగా," అంది అక్క మంచం మీంచి. "ఏముంది దాన్లో?"

"అంతా ఉందక్కా. పూసగుచ్చినట్టు చెప్పింది. నేనే వినలేదు."

"ఊరుకో. నేను ఊళ్ళోవాళ్ళ ఒళ్ళన్నీ కొలిచానా, నా ఒళ్ళు కొలుచుకున్నానా? ఇద్దరమూ ఒకటే బడిలో చదివాం," అంది. అతను నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

మైకు వచ్చాడు. ఏడాదిలోకెల్లా గొప్ప పాటకి ఇచ్చే అవార్డు వీళ్ళకి వచ్చిందట. వేదిక మీద ఒక్కసారి వాయిస్తే చాలట.

"నేను వాయించను."

"ఒరే, మళ్ళీ జన్మలో వస్తుందా ఇలాంటిది?"

"అందరూ దగ్గుతార్రా," అన్నాడు గీకుడు. మైకంత గొంతున్నవాడు ఆ మాటకి చిన్నగా గొంతు సవరించుకోవడానికి కూడా భయపడి, అక్క కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

మందుల వల్ల అయ్యేది అయింది, ఇక ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు. అప్పుడు మొదలైంది మూలుగు. అది ఒక పద్ధతిలో వచ్చేది కాదు. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా వచ్చి, మాటని సగంలో కొరుక్కుని పోయేది. పధ్నాలుగేళ్ళ కూతురు మొదట చెవులు మూసుకుంది, తర్వాత వరండాలోకి వెళ్ళి చదువుకుంది, తర్వాత స్కూలు నుంచి తిన్నగా పక్కింటికే పోసాగింది. పిలిస్తే గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, "వస్తానమ్మా, హోంవర్కుంది" అని పరిగెత్తేది.

ఓ మధ్యాహ్నం అక్క అతన్ని దగ్గరికి పిలిచింది. "నీ మెషీను ఇటు తీసుకురా. ఈ మూలుగు తీసెయ్యి."

"నా వల్ల కాదు."

"ఏం, దీనికి తాళం కుదరదా?"

"వేళాకోళం వద్దక్కా. ఒకసారి తీసి చేసిన నిర్వాకం చాలు. మూలుగు పోతుంది గానీ నొప్పి పోదు. నీకేం లాభం?"

"నొప్పి నాది, నేను పడతాను. మూలుగు దాని చెవిలో పడుతోంది. అది నా దగ్గర కూర్చుని ఎన్నాళ్ళయిందో తెలుసా? పదకొండు రోజులు." అక్క ఆగింది. మూలుగు వచ్చి వెళ్ళింది. "నాకున్నవే కొద్ది రోజులు. అవి కూడా పక్కింటివాళ్ళకి ఇచ్చుకోనా?"

అతను వెనక గదిలోకి వెళ్ళి రికార్డరు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "ఒక షరతు మీద. ఈసారి అంతా వింటాను. హెడ్‌ఫోన్లు తియ్యను. నొప్పి ఎక్కువైందని తెలిస్తే మందు పట్టుకుని వస్తాను, వద్దనకూడదు."

"సరే, సరే. ముందు బటన్ నొక్కు."

మూలిగింది. అతను కోశాడు.

మర్నాడు కూతురు గుమ్మంలో నిలబడి చూసింది. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని చొక్కాకి కాజాలు వేస్తోంది. ఓ అడుగు లోపలికి వేసింది. మంచం అంచున కూర్చుంది. సాయంత్రానికి అమ్మ పక్కన పడుకుని కబుర్లు చెబుతోంది. వెనక గదిలో రికార్డరులో కొత్త క్యాసెట్టు ఒకటి తిరుగుతోందనీ, అది రోజురోజుకీ ఉబ్బుతోందనీ ఆ పిల్ల చూసింది. మామయ్యని ఏమీ అడగలేదు.

అలా ఇరవై రెండు రోజులు. గోడకి అటువైపు తల్లీ కూతుళ్ళు కాలరు ఎలా తిప్పాలో, చంక దగ్గర గుడ్డ ఎలా వదలాలో మాట్లాడుకునేవాళ్ళు. ఇటువైపు గీకుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాడు. ఒక చెవి మీద పూర్తిగా, ఇంకో చెవి మీద సగం. పూర్తి చెవిలో అక్క మూలుగు, సగం చెవిలో అక్క మాట. "కత్తెర పట్టుకోవడం అలా కాదే మొద్దూ" అని నవ్వుతున్న క్షణంలోనే హెడ్‌ఫోన్లో అక్క అమ్మా అని ఏడ్చేది. అతను లేచి, మందు సీసా, నీళ్ళ గ్లాసు పట్టుకుని, ఊరికే వచ్చినట్టు వెళ్ళేవాడు. "వచ్చాడమ్మా కాంపౌండరు," అనేది అక్క, కూతురికి కన్ను గీటి. తెచ్చింది తాగేది. అతని పాటలో ఎప్పుడూ ఏదీ రెండోసారి మారి వచ్చేది కాదు. ఇందులో ఒక్కటీ ఇంకోదానిలా లేదు.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం స్కూలు తొందరగా వదిలేశారు. పిల్ల సంచీ విసిరేసి, మంచం ఎక్కి, లెక్కల మాస్టారి కథ ఎత్తుకుంది. మాస్టారు బోర్డు మీద వంగి రాస్తుంటే వెనక ప్యాంటు పర్రుమని చిరిగిందట. తెలిసినట్టు కనబడకుండా, వీపు బోర్డుకి ఆనించి, గంటసేపు నోటితోనే లెక్కలు చెప్పాడట.

"ఏ కుట్టు ఊడింది?" అంది అక్క. గొంతు సన్నగా ఉంది, కుతూహలం మాత్రం పూర్తిగా ఉంది.

"నడిమి కుట్టమ్మా. మనం కుట్టింది కాదులే."

"అక్కడ రెండుసార్లు వెయ్యాలి. వెయ్యరు వెధవలు," అని అక్క కళ్ళు మూసుకుంది. రోజూ అలాగే కళ్ళు మూసుకుని వింటుంది.

హెడ్‌ఫోన్లో ఓ మూలుగు బయలుదేరింది. పొడుగ్గా సాగి, ఎక్కడో మధ్యలో ఆగింది. తర్వాత టేపు తిరుగుతున్న సన్నని గాలి చప్పుడు. అతను చెయ్యి రికార్డరు మీద పెట్టాడు. దాని వెచ్చదనం తగిలింది. టేపు తిరుగుతూనే ఉంది, లోపలికి ఏమీ రావడం లేదు.

లేవబోయాడు. గోడవతల పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. గంట కొట్టాక మాస్టారు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటబోయి, ఎదురొస్తున్న హెడ్‌మాస్టర్ని గుద్దుకున్నాడట. అది చెప్పబోయి పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. మాట రావడం లేదు, పొట్ట పట్టుకుని, మంచం కిర్రుమనేలా నవ్వుతోంది. కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ అలా నవ్వలేదు.

మంచి చప్పుడు వినబడితే పట్టేయడం ఇరవయ్యేళ్ళ అలవాటు. అతని వేలు తనంతట తను వెళ్ళి బటన్ మీద ఆగింది. వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

పిల్ల నవ్వి, నవ్వి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టి, కథ చివరిదాకా చెప్పింది. అతను కదలకుండా కూర్చుని అంతా విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, ముందు గదిలోకి వెళ్ళాడు.