ఆదివారం నిబంధన

నేను ఒక గాజు గుండును. ఆఫీసుల్లో నన్ను పేపర్‌వెయిట్ అంటారు. కాగితం కదలకుండా చూడడం నా ఉద్యోగం. సచివాలయంలో ఇంత తేలికైన ఉద్యోగం ఇంకెవరికీ లేదు. అక్కడి కాగితాలు నేను లేకపోయినా కదలవు.

ఎక్కడో ఉత్తరాన ఒక కొలిమి దగ్గర పుట్టాను. కరిగిన గాజును ఇనుప గొట్టం చివర తిప్పుతూ ఒక ముసలాయన నా కడుపులో నీలం పువ్వు పెట్టాడు. పువ్వు పక్కన గాలి బుడగ ఒకటి నిలిచిపోయింది. ఆయన నన్ను బూడిదలో చల్లారబెట్టి మరో ముద్ద అందుకున్నాడు. నా వైపు మళ్లీ చూడలేదు. మనుషులు ఎలా విడిపోతారో నాకు మొదటి రోజే తెలిసిపోయింది.

గడ్డి పరిచిన పెట్టెలో ప్రయాణం చేసి సచివాలయానికి చేరాను. సంక్షేమ శాఖ కార్యదర్శి బల్ల మీద కుదురుకున్నాను. ఆ బల్ల దగ్గర ఎంతమంది పెద్ద అధికారులు కూర్చుని లేచారో! ఒకాయన నన్ను బొంగరంలా తిప్పుతూ "చూద్దాం" అనేవాడు. నేను ఆగేలోపు మాట మరిచిపోయేవాడు. ఇంకొకాయన ఏ ఫైలు వచ్చినా అంచున "చర్చించాలి" అని రాసి కిందికి పంపేవాడు. చర్చించడానికి కింది వాళ్లు పైకి వచ్చేసరికి ఆయనకు బదిలీ అయ్యేది. అప్పుడు శాలువా, దండ, టీ, గోడకి ఉన్న పేరు పలక మరలు విప్పడం. ప్రతిసారీ నాకు దిగులేసేది. వాళ్లు మాత్రం నవ్వుతూ ఫొటో దిగేవాళ్లు. మర్నాడు ఫైలు మొదటి పేజీ నుంచి మొదలు. "కొత్త సార్ చూడాలి కదా" అనేవాళ్లు.

ఆ ఫైళ్లలో ఒకటి నా కింద చాలాకాలం పడి ఉంది. పాలమూరు వైపు తండాల్లో దసరా పోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. మొగుడూ పెళ్లాలూ చెరకు కొట్టడానికి పక్క రాష్ట్రానికి పోతారు, పిల్లల్ని వెంట తీసుకుపోతారు. బడి అక్కడితో సరి. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లల్ని సొంత ఊరి దగ్గరే ఉంచి చదివించే వసతిగృహాలు తెరవాలన్నది ఆ ఫైలు. అందరూ మంచి ఆలోచన అన్నారు. అందరూ అదే మాట రాసి సంతకం పెట్టారు. ఫైలు మాత్రం నా కిందే ఉంది.

అప్పుడు హైమవతి గారు వచ్చారు. ఉద్యోగ విరమణ దగ్గర పడ్డ అధికారి. కుర్చీలో కూర్చుని, నన్ను పక్కకు జరిపి, ఆ ఫైలే తెరిచారు.

"పురుషోత్తం గారూ, ఇది ఇన్నాళ్లు ఎందుకు ఆగింది?" అని సెక్షన్ ఆఫీసర్‌ను అడిగారు.

"ఆగలేదు మేడమ్, పరిశీలనలో ఉంది."

"ఎవరి పరిశీలనలో?"

ఆయన నా వైపు చూశాడు. నేనేం చెప్పను?

హైమవతి గారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. "నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆ జిల్లాలోనే వేశారు. ఓ పొద్దున బస్టాండులో చూశాను, మూటల మధ్య ఒక పిల్ల, ఒళ్లో పలక. ఈ పిల్లను చదువు మాన్పిస్తున్నారా అని వాళ్లమ్మని కోప్పడ్డాను. ఆవిడ, మరి నీ దగ్గర ఉంచుకుంటవా అమ్మా అంది. బస్సు కదిలిపోయింది. ఈ దసరాకి ముందు హాస్టళ్లు తెరవాలి. ఆ తర్వాత నేనుండను."

అక్కడి నుంచి నా బల్ల మీద శాంతి లేదు. ఫైలు ప్రణాళికా శాఖకు పోయింది, న్యాయశాఖకు పోయింది. ఆర్థిక శాఖ, పిల్లల్ని బంధువుల ఇళ్లలో ఉంచే వీలు పరిశీలించారా అని కొర్రీ వేసింది. ఆ బంధువులు కూడా అదే బస్సులో పోతున్నారని హైమవతి గారు జవాబు రాశారు. అయితే బస్సుల సంఖ్య తెలపండి అని మళ్లీ కొర్రీ. ఆవిడ కళ్లద్దాలు తీసి నన్ను గట్టిగా పట్టుకున్నారు. విసిరేస్తారేమోనని హడలిపోయాను.

చివరికి ప్రధాన కార్యదర్శి నరహరి గారు కబురు పంపారు. మంత్రివర్గం రేపే కూర్చుంటోంది, ముందుగా పంచకుండా నేరుగా బల్ల మీదే పెట్టే అంశంగా తెచ్చుకోమని. ఆ పూటకి ఆ పూట నోట్ తయారవ్వాలి. పురుషోత్తం గారు కంగారు పడలేదు. ఆ శాఖలో ఒక అలవాటుంది. కొత్త విధానం రాయాలంటే ఇదివరకు నెగ్గిన విధానాన్ని ఎదురుగా పెట్టుకుని ఊరి పేర్లు, తేదీలు మార్చి రాసుకుపోవడం. సాయంత్రానికి నోట్ సిద్ధం. రాత్రికి రాత్రే ఆర్థిక శాఖ, న్యాయశాఖ చూసినట్టు సంతకాలు పెట్టాయి, ఆ హడావిడిలో హైమవతి గారూ పెట్టారు.

మంత్రివర్గ సమావేశపు హాల్లో ఏసీ గాలికి కాగితాలు లేస్తాయని హైమవతి గారు నన్ను కూడా తీసుకెళ్లారు. బయట గదిలో పెద్ద అధికారులంతా ఒళ్లో కట్టలు పెట్టుకుని, పరీక్షకి వచ్చిన పిల్లల్లా కూర్చున్నారు. మా వంతు వచ్చింది. శాఖ మంత్రి ఎల్లమందయ్య గారి ముందు కాగితాలు పెట్టి, మీద నన్ను ఉంచి, ఆవిడ గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు.

చర్చ మొదలైంది. దేని మీదనుకున్నారు? పేరు మీద. నోట్‌లో వలస పిల్లల వసతిగృహాలు అని ఉంది.

"వలస అనే మాటే ఉండకూడదండీ. మన రాష్ట్రంలో వలసలు లేవని మొన్ననే సభలో చెప్పాం," అన్నాడొక మంత్రి.

"లేనప్పుడు హాస్టళ్లు ఎందుకు?" అన్నాడింకొకాయన.

"ఏమో, ముందుజాగ్రత్త."

ఎల్లమందయ్య గారిది ఆ ప్రాంతమే. ఆయన ముఖం ఎర్రబడింది. "దసరా పోంగనే మా తండాలల్ల కుక్కలు తప్ప ఎవ్వరుండరు సార్. లేదంటే ఎట్ల? నా ఇంటి ఎన్క గల్లీ ఖాళీ అయితది!" అంటూ నన్ను ఎత్తి బల్ల మీద దబీమని కొట్టాడు. నా అంచు పెచ్చు ఊడింది. నొప్పి సంగతి అటుంచండి, నా జీవితంలో ఒక మంత్రి నిజంగా కోప్పడగా చూసింది అదొక్కసారే.

గంటసేపు వాదించుకున్నాక పిల్లల గూడు అన్న పేరు ఖాయమైంది. పేరు కుదిరాక ఇంక చర్చించడానికి ఏముంటుంది? లోపల ఏం రాసి ఉందో ఎవరూ పేజీ తిప్పలేదు. ముఖ్యమంత్రి తలూపారు. ఎల్లమందయ్య గారు వెనక్కి తిరిగి, "అయిపాయె మేడమ్. ఇగ తెరువుండ్రి," అని నవ్వాడు. హైమవతి గారి కళ్లు చెమర్చాయి.

ఉత్తర్వు ముసాయిదా బల్ల మీదకు వచ్చినప్పుడు ఆవిడ తీరిగ్గా చదివారు. ఒకచోట ఆగిపోయారు. మళ్లీ చదివారు.

"పురుషోత్తం గారూ, ఈ పేరా ఏమిటి? ప్రతి ఆదివారం తల్లిదండ్రులలో ఒకరు వసతిగృహమునకు వచ్చి సంతకము చేయవలెను, వరుసగా రానిచో విద్యార్థి పేరు తొలగించబడును..."

"పట్నం హాస్టళ్ల విధానంలోది మేడమ్. మంత్రివర్గం ఇదివరకే ఒప్పుకున్న భాష. దానికి ఎవరూ కొర్రీ వెయ్యరని అలాగే ఉంచాను."

"తల్లిదండ్రులు ఊళ్లో ఉండరు కాబట్టే కదయ్యా ఈ హాస్టలు!"

ఆయన ముసాయిదా దగ్గరికి లాక్కుని ఆ పేరా మీద వేలు పెట్టాడు. "ఆర్థిక శాఖ చూసింది మేడమ్. న్యాయశాఖ కూడా చూసింది," అన్నాడు చిన్నగా.

"నేనూ చూశాను. సంతకం కూడా పెట్టాను," అన్నారావిడ.

ఇంతమంది చదువుకున్నవాళ్లు! బస్సులెన్ని అని అడిగినవాళ్లకి, చెరకు తోటలోని తల్లి ఆదివారం ఎలా వస్తుందని అడగాలనిపించలేదు. నాకు నోరు ఉంటే ఆ రోజు సచివాలయం అదిరిపోయేది.

నరహరి గారు స్వయంగా వచ్చారు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు.

"ఆ పేరా కొట్టేస్తాను, నరహరీ."

"మంత్రివర్గం ఒప్పుకున్నది కొట్టెయ్యడానికి మనమెవరం? పింఛను మీద విరక్తి పుట్టిందా హైమా?"

"అయితే సవరణ పంపుతాను."

"పంపు. మళ్లీ అన్ని శాఖలూ చూడాలి. అది తిరిగొచ్చేసరికి నీ పిల్లలు చెరకు తోటల్లో ఉంటారు."

"మరేం చెయ్యమంటావు?"

ఆయన నన్ను తిప్పుతూ ఆలోచించాడు. ఆ పాత సార్‌లా కాదు, నేను ఆగాక కూడా ఈయన మాట మరిచిపోలేదు. "స్పష్టీకరణ ఇవ్వు. తల్లిదండ్రులు గానీ, వాళ్లు పేరు చెప్పిన పెద్దవాళ్లు గానీ రావచ్చని. దానికి మంత్రివర్గం అక్కర్లేదు, కార్యదర్శి సంతకం చాలు."

"ఊళ్లో మిగిలేది నడవలేని ముసలివాళ్లు. ప్రతి ఆదివారం ఎవరొస్తారు?"

"తలుపు తెరిచాను. లోపలికి ఎలా పోతావో నీ ఇష్టం."

ఆవిడ సంతకం పెట్టారు. సవరణ కూడా దాని దారిన దాన్ని పంపారు. దసరాకి ముందే పిల్లల గూళ్లు తెరుచుకున్నాయి. ఆ తర్వాత శాలువా, దండ, టీ. పెచ్చు ఊడిన నన్ను స్టోర్స్ వాళ్లు పనికిరానిదిగా తీసిపారేశారు. పురుషోత్తం గారు నన్ను తెచ్చి ఆవిడ సంచిలో వేశాడు.

"ఇది ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి కాదు మేడమ్. తీసుకెళ్లండి," అన్నాడు. మొదటిసారి నేను ఉండిపోలేదు, వెళ్లేవాళ్లతో వెళ్లాను.

ఎక్కడికనుకున్నారు? పాలమూరు బస్సెక్కి ఆవిడ ఒక గూటికి పోయారు. ఆ తండాల వాళ్లు ఊరు విడిచే ముందు, పిల్లల కోసం వచ్చే పెద్దమనిషి పేరు దగ్గర హైమవతి అని చెప్పి వేలిముద్రలు వేశారు. ఆవిడే అడిగి వేయించుకున్నారు. మిగతా గూళ్లలో పంతుళ్లూ, పింఛనుదారులూ, వంట చేసే ఆడవాళ్లూ పెద్దవాళ్లయ్యారు. ఆదివారం ఆదివారం ఆవిడ వచ్చి, ఒక్కో పిల్ల పేరు ఎదురుగా సంతకం పెట్టేవారు. ఊరికే పెట్టనిస్తారా? ప్రతి పిల్లా పక్కన కూర్చుని పంటి నొప్పి, పలక తగాదా, అమ్మ కల అన్నీ చెప్పాకే సంతకం. కార్యదర్శిగా ఉన్నప్పుడు కూడా ఆవిడ ఇంత ఆలస్యంగా ఫైలు వదిలింది లేదు. నన్ను అక్కడే వార్డెన్ బల్ల మీద వదిలారు. కిటికీకి తలుపు లేదు. గాలికి కాగితాలు నిజంగానే ఎగిరేవి.

వేసవిలో తల్లిదండ్రులు తిరిగొచ్చారు. పిల్లలెవరూ పేరు పోగొట్టుకోలేదు. మరుసటి దసరాకి వాళ్లు మళ్లీ బస్సెక్కారు. వెనకే సవరణ వచ్చింది. వార్డెన్ శంకరమ్మ ఆదివారం నాడు హైమవతి గారికి సంబరంగా చదివి వినిపించింది.

"ఆదివారం నిబంధన తీసేసిన్రు మేడమ్. ఇగ మీకు ఈ బస్సుల తిప్పలు లేదు."

గడప మీద కూర్చున్న రుక్కీ తలెత్తింది. తండా పిల్ల, గయ్యాళిది. "ఎవలు తీసేసిన్రు?"

"సర్కారోళ్లు."

"మమ్మల్ని అడిగిన్రా?"

శంకరమ్మ ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. ఇన్ని శాఖలు, ఇన్ని కొర్రీలు. ఈ ఒక్క ప్రశ్న ఏ అంచునా రాసి ఉండగా నేను చూడలేదు. ప్రభుత్వం వాళ్లకి చేసిన వాటిలో పిల్లలకు నచ్చింది ఆ పొరపాటొక్కటే. ప్రభుత్వం దాన్నే సరిదిద్దింది.

"మల్ల ఆదివారం ఎవ్వరు రారా?" అంది రుక్కీ.

హైమవతి గారు ఆ కాగితం అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పాత అలవాటు కొద్దీ చివరిదాకా చదివారు. "రానక్కర్లేదని రాశారు. రావద్దని రాయలేదు," అన్నారు.

"అంటే వస్తవా?"

"వస్తాను."

రుక్కీ నమ్మలేదు. లోపలికి పోయి ఒక తెల్ల కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. గాలికి అది లేవబోయింది. నన్ను దాని మీద దబీమని పెట్టి, కలం చేతికిచ్చింది.

"సంతకం పెట్టు పెద్దమ్మా. లేకుంటే నువ్వు వచ్చినట్టు ఎట్ల?"

హైమవతి గారు వంగి సంతకం పెడుతున్నారు. కాగితం కదలకుండా నేను పట్టుకున్నాను.